సార్జెంట్ టాకెట్‌కి పది శాతం తగ్గింపు

సెప్టెంబరు 9

ఈరోజు మళ్ళీ అదే జరిగింది. వెనక మెట్లు పుచ్చిపోయాయని పలకలూ మేకులూ కొనుక్కుని కౌంటరు దగ్గరికి వచ్చాం. నా మాజీ సైనికుల కార్డు తీసి నేనే ఇచ్చాను. కౌంటర్లో పిల్ల దాన్ని చూసి, మాజీ సైనికులకిచ్చే పది శాతం తగ్గించి, కార్డు తీసుకెళ్ళి వెండెల్ చేతిలో పెట్టింది. "దేశం కోసం అంత చేశారు, చాలా థాంక్స్ సర్" అంది. కార్డు మీద ఉన్నది నా మొహం. మీసాలు కూడా లేవు.

పెళ్ళయిన కొత్తలో ఇలాంటప్పుడు వెండెల్ పగలబడి నవ్వేవాడు. "నాకెందుకమ్మా, ఈవిడకి చెప్పు. ఇరాక్‌లో ట్రక్కు తోలింది ఈవిడ. నేను తోలింది పొరుగింటాయన ఆవుల్ని" అనేవాడు. కౌంటర్లో పిల్లలు నాలిక కరుచుకునేవాళ్ళు. బయటికొచ్చాక "పదండి సార్జెంటు గారూ" అని నాకు బండి తలుపు తీసేవాడు.

తను పనిచేసే కుర్చీల ఫ్యాక్టరీ మూసేశాక ఆ మాట మానేశాడు. ఇప్పుడు ఊరికే తలాడిస్తాడు. ఈరోజు తలాడించి, నా కార్డు తన జేబులో వేసుకున్నాడు. ఇంటికొచ్చాక అడిగితే ఇచ్చాడు.

వాళ్ళ నాన్న సైన్యం, అన్నలిద్దరూ సైన్యం. పద్దెనిమిదేళ్ళప్పుడు ఇతనూ వెళ్తే, గుండెలో ఏదో అపశ్రుతి వినిపించిందని డాక్టరు వెనక్కి పంపేశాడట. ఆ ఇంట్లో పండగ భోజనాల దగ్గర నోరు విప్పకుండా కూచునేది ఇతనొక్కడే. ఒక థాంక్సే కదా, ఉంచుకోనీ. పెద్ద విషయమేమీ కాదు.

సెప్టెంబరు 10

పెద్ద విషయం కాకపోతే పేజీ ఎందుకు నింపానో.

సెప్టెంబరు 17

సైన్యం బేస్‌కి వెళ్ళొచ్చాం. నెలకోసారి వెళ్ళి అక్కడి కొట్లో పన్ను లేకుండా సరుకులు తెచ్చుకోవడం నాకు అలవాటు. యుద్ధంలో ఒక చెవి వినికిడి పోయినందుకు ప్రభుత్వం నాకిచ్చిన వరం అది. గేటు దగ్గర కాపలా కుర్రాడు కార్డు చూసి, "రండి సార్జెంట్" అన్నాడు. నా వైపే చూసి అన్నాడు. ఈ కెంటకీ మొత్తంలో ఆ ఒక్క గేటు దగ్గరే ఎవరూ పొరబడరు.

లోపల వెండెల్ నా అతిథి. బండి తొయ్యొచ్చు, ఏదీ కొనకూడదు. అదివరకు ఆ మాట మీద ఎన్ని జోకులు వేసేవాడో. "అతిథి మర్యాదలు సరిగ్గా లేవు" అని పై అధికారికి ఫిర్యాదు చేస్తాననేవాడు. ఈసారి ట్రక్కులోనే కూచుంటానన్నాడు. వీపు నొప్పట.

సరుకులు సంచుల్లో సర్ది బండిదాకా మోసుకొచ్చే పెద్దావిడ, పాత సైనికురాలే, "ఒక్కదానివే వచ్చావేంటే?" అంది. ఆయనకి నడుం బాలేదన్నాను. "మగాళ్ళకి ఇక్కడికొస్తే నడుం పట్టేస్తుందిలే" అంది. నవ్వి, చేతిలో డబ్బులు పెట్టాను. వాళ్ళకి జీతం ఉండదు, మేమిచ్చిందే.

టోపీ కూడా కొన్నాను. నల్లది. ముందు బంగారు దారంతో 'ఇరాక్ యుద్ధ సైనికుడు' అని కుట్టి ఉంది. వెండెల్ అడిగాడు. మెట్లు బాగుచేసేటప్పుడు ఎండ కొడుతోందట. ఎండకే.

సెప్టెంబరు 30

మెట్ల పని అయిపోయి వారం దాటింది. టోపీ తలమీదే ఉంది.

చర్చికి, మంగలి షాపుకి, పెట్రోలు బంకుకి. నిన్న భోజనానికి వెళ్తే వడ్డించే పిల్ల మేం చివర్లో తిన్న 'పై' అనే తీపి వంటకానికి డబ్బు తీసుకోలేదు. పక్క బల్ల దగ్గర ముసలాయన లేచొచ్చి వెండెల్‌కి చెయ్యిచ్చాడు. వెండెల్ ఆ చేతిని వదలకుండా పట్టుకున్నాడు. అతని కళ్ళు తడి అయ్యాయి. ఆ తడి అబద్ధం కాదు, అదే నన్ను చంపుతోంది.

నేను పై తిన్నాను. ఆపిల్‌ది. బాగుంది.

వెండెల్ మంచివాడు. ఇది రాసి పెట్టుకోవాలి. ఎప్పుడూ నా కుడిపక్కనే నడుస్తాడు, నాకు వినిపించే చెవి అటుంది కాబట్టి. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఊళ్ళో టపాకాయలు కాల్చే రోజున ఆ మోతకి దూరంగా నన్ను కొండల్లోకి తీసుకెళ్ళి చేపలు పడదామంటాడు. అతనికి చేపలు పట్టడం రాదు.

సార్జెంటు గారూ అని పిలిచి ఎన్నాళ్ళయిందో లెక్క చూడను.

అక్టోబరు 8

మాజీ సైనికుల కోసం ఆన్‌లైన్ కొట్టు ఒకటుంది. పన్నుండదు. నా పేరు, నా నంబరు పెట్టి తెరిచిన ఖాతా. నా ఇంట్లో వాడుకునేవే కొనాలి, ఇంకొకళ్ళకి కొనివ్వకూడదు, అమ్మకూడదు. దొరికితే ఖాతా పోతుంది.

మంగలి షాపు డ్యూయీకి మాంసం కాల్చుకునే గ్రిల్లు కావాలట. వెండెల్ మాటిచ్చేశాడు.

"నా బెనిఫిట్ మీద ఇప్పిస్తానని చెప్పాను. ఇప్పుడు లేదంటే బాగుండదు" అన్నాడు.

"నా బెనిఫిట్ అన్నావా?"

"మన ఇంటిదే కదా రో. నీదీ నాదీ ఏంటి మధ్యలో?" అన్నాడు. నా పేరుని రో అని కత్తిరించి పిలుస్తాడు.

కంప్యూటరు ముందు చాలాసేపు కూచున్నాను. వెనక నిలబడి నా భుజాలు పిసికాడు. చివరికి కొనుగోలు మీట నొక్కింది నేనే. అతను కాదు. పెళ్ళాం మొగుడి మాట నిలబెట్టిందంతే, ఇందులో ఏముంది.

అక్టోబరు 14

వాన. మాజీ సైనికుల హాలు నుంచి ఆర్విల్ స్టాంపర్ గారు ఫోన్ చేశారు. ఎత్తలేదు.

అక్టోబరు 21

ఇది మాత్రం దాచకుండా రాస్తాను.

మార్కెట్లో ఫ్రీజర్ల దగ్గర గడ్డకట్టిన బఠాణీలు ఏరుకుంటుంటే ఆర్విల్ గారు ఎదురొచ్చారు. డెబ్భై అయిదు దాటిన మనిషి. వియత్నాం నుంచి మొదలుపెట్టి ఫస్ట్ సార్జెంటుగా రిటైరయ్యారు. సైన్యంలో ప్రతి కంపెనీకీ, అంటే వందమంది దళానికి, అమ్మా నాన్నా యముడూ అన్నీ ఫస్ట్ సార్జెంటే. ఈ ఊళ్ళో ఆయనతో నేను ఇంతవరకు నాలుగు మాటలు మాట్లాడి ఉండను. పోయినేడాది మాజీ సైనికుల దినం నాడు హాల్లో టిఫిన్ పెట్టారు. సైనికులు కూచుంటారు, ఇంట్లోవాళ్ళు వడ్డిస్తారు, అది ఇక్కడి పద్ధతి. వెండెల్ కూచున్నాడు. నేను ఏప్రను కట్టుకుని ఆయన పళ్ళెంలో పాన్‌కేకులు వేశాను.

"ఏమ్మా, ఫోన్ చేస్తే తియ్యవు. పోయినవారం డ్యూయీ షాపులో మీ ఆయన ఒక సంగతి చెప్పాడు. చెప్పమంటావా?"

చెప్పమన్నాను. ఏం సంగతో అప్పుడే నాకు తెలిసిపోయింది.

"తన ముందు ట్రక్కులో వెళ్ళిన పిల్ల బాంబు పేలి పోయిందట. ఇనెజ్ కోర్డోవా. తర్వాత మైదానంలో హాజరు పిలిచారట. ఆ పిల్ల పేరు పిలిచినప్పుడు మీ ఆయన వరసలోంచి ముందుకొచ్చి, ఆ పిల్ల బదులు 'ఉన్నాను' అని అరిచాడట. షాపంతా ఏడ్చింది. డ్యూయీ కత్తెర కింద పెట్టేశాడు."

నేను బఠాణీల సంచీ అలాగే పట్టుకుని ఉన్నాను. ఇనెజ్ ట్రక్కు వెనక వెళ్ళింది నా ట్రక్కు.

చనిపోయినవాళ్ళకి చివరి హాజరు పిలుస్తారు. ఫస్ట్ సార్జెంటు ముందు బతికున్నవాళ్ళ పేర్లు పిలుస్తాడు. ఉన్నాను ఫస్ట్ సార్జెంట్ అని ఒక్కొక్కళ్ళూ పలుకుతారు. తర్వాత పోయినవాళ్ళ పేరు. పలుకుండదు. ఇంకొంచెం పేరు కలిపి మళ్ళీ పిలుస్తాడు. పలుకుండదు. పూర్తి పేరుతో మూడోసారి. మూడోసారి కూడా పలక్కపోతే ఆ మనిషి లేనట్టు. దాని బదులు ఎవరైనా అరవడమా. అలాంటిది చేస్తే ఆ పిల్లని రెండోసారి చంపినట్టే. అక్కడ నిలబడ్డవాడెవడూ అలా చెయ్యడు, చెయ్యాలన్న ఆలోచనే రాదు.

అది నాకు తెలుసు, ఆయనకి తెలుసు. వెండెల్‌కి తెలియదు.

"మీ ఆయన ఏ ఏడాది వెళ్ళాడమ్మా?"

"రెండువేల అయిదు."

"మరి నువ్వు?"

"నేనేముంది. ఇంట్లోనే ఉన్నాను."

అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూశారు. "ఇంట్లో ఉన్నదానివి, నాతో మాట్లాడుతూ అలా నిలబడ్డావేంటి మరి?" అన్నారు.

చూసుకున్నాను. కాళ్ళు భుజాలంత ఎడంగా ఉన్నాయి. చేతులు రెండూ నడుం వెనక ఒకదానిమీద ఒకటి. బఠాణీల సంచీ కూడా వెనకే. ఫస్ట్ సార్జెంటు ఎదురుగా మేమంతా నిలబడే తీరే అది. బుర్ర అబద్ధమాడింది కానీ కాళ్ళకి ఆడటం రాలేదు.

"బఠాణీలు కరిగిపోతున్నాయి చూసుకో" అని వెళ్ళిపోయారు.

అక్టోబరు 22

అడిగేశాను. వంటింట్లో, అతను గుడ్లు కొడుతుండగా.

"ఇనెజ్ పేరెందుకెత్తావు?"

ఇంకో గుడ్డు కొట్టాడు. "నోటికి వచ్చేసింది" అన్నాడు.

"టోపీ పెట్టుకో. పై తిను. గ్రిల్లు కొనిపెట్టు. అన్నీ ఊరుకున్నాను. ఆ పిల్లని ఎందుకు ముట్టుకున్నావు?"

"వాళ్ళు అడిగారు రో. ఏం చూశావు అక్కడ అని అడిగారు. నేనేం చూశాను, చెప్పు? కుర్చీలకి కాళ్ళు బిగించాను ఇరవై రెండేళ్ళు."

"అయితే అదే చెప్పు."

"అది ఎవరిక్కావాలి?" గిన్నె పక్కకి నెట్టాడు. "నువ్వేమో నీ దగ్గరున్నదంతా పెట్టెలో పెట్టి తాళమేస్తావు. ఎవడన్నా నాకు చెయ్యిస్తే పక్కన నిలబడి నేల చూస్తావు. నీకక్కర్లేదనుకున్నాను. నువ్వు పారేసింది నేనేరుకున్నాననుకో."

"నేను పారెయ్యలేదు."

"మరి ఆరేళ్ళలో ఒక్కసారే చెప్పావు. అదీ పేలిందాకా. ఆ తర్వాత ఏమైందో చెప్పలేదు. మిగతాది నేను కల్పించాను. బాగుంటుందనుకున్నాను. నీ తరఫున ఎవరో ఒకరు పలికారని అనిపించింది."

అంత కోపంలోనూ ఈ చివరి మాట నన్ను కోసేసింది. గుడ్లు ఎవరూ తినలేదు.

అక్టోబరు 23

టోపీ మేకుకి తగిలించి ఉంది.

అక్టోబరు 26

మేకు ఖాళీ.

అక్టోబరు 29

డ్యూయీ ఊరుకోలేదు. ఈ ఏడు హాల్లో టిఫిన్ దగ్గర సార్జెంట్ టాకెట్ రెండు మాటలు మాట్లాడతాడని పేరిచ్చేశాడట. వెండెల్ తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరుగుతున్నాడు. ఒంట్లో బాలేదని చెప్పమన్నాను. పరువు పోతుందన్నాడు.

"ఈ ఒక్కసారికి ఊరుకో రో. ఇనెజ్ మాట ఎత్తను. ఒట్టు. ఆ తర్వాత టోపీ పొయ్యిలో పడేస్తా."

"నాకో మాట చెప్పు. ఆ రోజు నేనెక్కడుండాలి? అటా, ఇటా?"

అర్థం కాలేదు అతనికి.

"కూచోవాలా, వడ్డించాలా?"

అప్పుడర్థమైంది. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నాకూ తెలుసు, చెబితే ఏమవుతుందో. ఈ ఊళ్ళో దొంగతనం చేసినవాణ్ణి క్షమిస్తారు, తాగి బండి గుద్దినవాణ్ణి క్షమిస్తారు, సైనికుణ్ణని అబద్ధమాడినవాణ్ణి మాత్రం క్షమించరు. వెండెల్ పుట్టింది ఇక్కడే. ఇతనికి ఇంకో ఊరు లేదు. చెప్పకపోతే ఇనెజ్ అతనిదైపోతుంది. నేనూ అతనిదాన్నైపోతాను, పాన్‌కేకులు వేసే ఆవిడగా.

నవంబరు 3

ఆర్విల్ గారింటికి వెళ్ళాను. వాకిట్లో ఆకులు ఊడుస్తున్నారు. నిలబడే ఉన్నాను, ఈసారి కావాలనే చేతులు వెనక్కి పెట్టుకుని.

అంతా చెప్పాను. చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. ఏ కంపెనీ, ఏ దారి, ఏ చెవి. వెండెల్‌ని పదిమందిలో నిలదియ్యొద్దని బతిమాలాను.

"నేనెవర్నీ ఏమీ అడగనమ్మా. టిఫిన్‌కి ముందు హాజరు పిలుస్తాను. ప్రతి ఏడూ పిలుస్తాను, పోయినేడు మీ పేరు అందులో లేదు. అంతే నా పని."

"ఏ పేరు పిలుస్తారు?"

"వెళ్ళొచ్చినవాళ్ళ పేరు." చీపురు గోడకి ఆనించారు. "నీ పూర్తి పేరేంటి?"

"రొవీనా మే టాకెట్."

"పలకాలని రూలేం లేదు. పలక్కపోతే ఏంటో నీకు తెలుసు" అన్నారు.

నవంబరు 6

వెండెల్‌కి చెప్పాలి.

నవంబరు 8

రేపు చెబుతాను.

నవంబరు 9

అద్దం ముందు నిలబడి ప్రసంగం చదువుకుంటున్నాడు. ఇనెజ్ మాట లేదు అందులో. నన్ను చూసి, "బాగుందా?" అన్నాడు. బాగుందన్నాను.

నవంబరు 10

చెప్పలేదు. అతన్ని కాపాడదామనో, శిక్షిద్దామనో నాకే తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

నవంబరు 11

హాలంతా కాఫీ వాసన, తడి కోట్ల వాసన. వెండెల్ టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గరే నన్ను వడ్డించే బల్లవైపు పంపబోయింది ఒకావిడ. నేను కదల్లేదు. వెళ్ళి వెండెల్ పక్క కుర్చీలో కూచున్నాను. కంగారులో అతను కుడిపక్కకి మారడం మర్చిపోయి నా ఎడంపక్కే ఉండిపోయాడు. ఆరేళ్ళలో మొదటిసారి.

"రో, ఇది మా వరస" అని నా మోచెయ్యి తాకాడు. పెదాలు చూసి తెలుసుకున్నాను.

"తెలుసు" అన్నాను.

ఆర్విల్ గారు లేచారు. కళ్ళద్దాలు పెట్టుకోలేదు, చేతిలో కాగితం లేదు. పేర్లన్నీ ఆయనకి నోటికే వచ్చు. ఒక్కో పేరూ పిలుస్తుంటే హాల్లో అక్కడా ఇక్కడా లేస్తున్నారు. ఉన్నాను ఫస్ట్ సార్జెంట్. ఉన్నాను ఫస్ట్ సార్జెంట్. కర్రల మీద ఆనుకుని లేచేవాళ్ళు, ఒకే కాలి మీద లేచేవాళ్ళు.

"సార్జెంట్ టాకెట్."

హాలంతా వెండెల్ వైపు తిరిగింది. డ్యూయీ అప్పుడే చప్పట్లకి చేతులు లేపాడు. వెండెల్ బల్ల అంచు పట్టుకున్నాడు. అతను ఏమైనా గొణిగి ఉంటే నాకు వినపడే చెవి కాదు అది. లేస్తాడనుకున్నాను. లేచి ఉంటే నేను ఏం చేసేదాన్నో ఇప్పటికీ చెప్పలేను. లేవలేదు. పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"లేవరా వెండెల్" అన్నాడు డ్యూయీ.

"సార్జెంట్ రొవీనా టాకెట్."

ఎవరో కుర్చీ జరిపారు. ఆ తర్వాత చప్పుడే లేదు. ఇప్పుడు అందరూ నన్ను చూస్తున్నారు. నాకు పలకాలనే ఉంది. కానీ నేను ఆ హాల్లో లేను. ఎండ, మైదానం, చెవిలో గుయ్యిమనే రొద, ఎదురుగా నిలబెట్టిన ఇనెజ్ ఖాళీ బూట్లు, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఆ రోజు ఆ పిల్ల పేరు రెండోసారి పిలిచాక, మూడోసారికి ముందు కూడా ఇలాంటి నిశ్శబ్దమే ఉంది. పలకవే, పలకవే అని లోపల్లోపలే మొత్తుకున్నాను అప్పుడు.

ఆర్విల్ గారు మూడోసారి పిలవడానికి ఊపిరి పీల్చుకున్నారు. ఆయన గుండె పైకి లేవడం చూశాను.

"ఉన్నాను, ఫస్ట్ సార్జెంట్."

నేను లేచి నిలబడ్డానని, అది నా గొంతేనని తర్వాత తెలిసింది.

ఆయన తల పంకించి, తర్వాతి పేరు పిలిచారు. అంతే. కానీ తర్వాతి మనిషి పలకడానికి ఆలస్యమైంది, అతనూ మమ్మల్నే చూస్తున్నాడు మరి. వెనక ఎవడో నవ్వాడు. "అదేంట్రా, మరి టోపీ?" అన్నాడు. డ్యూయీ నవ్వలేదు. లేచి వెళ్ళి వేరే బల్ల దగ్గర కూచున్నాడు. అది నవ్వుకన్నా ఎక్కువ తగిలింది వెండెల్‌కి.

వెండెల్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. లేచాడు. తలుపువైపు వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళాడు కూడా, సగం దూరం. అక్కడ వడ్డించే బల్ల వెనక నుంచి ఆర్విల్ గారి భార్య, "ఏంటలా నిలబడ్డావు, పాన్‌కేకులు మాడిపోతున్నాయి. వచ్చి తిప్పు" అని ఏప్రను విసిరింది. పట్టుకున్నాడు. కట్టుకున్నాడు. ముడి సరిగ్గా పడలేదు.

వరసగా వడ్డిస్తూ వచ్చాడు. కొందరు పళ్ళెం ముందుకి జరిపారు. కొందరు చేత్తో మూసేశారు. డ్యూయీ మూసేశాడు. వెండెల్ ఒక్కళ్ళనీ వదలకుండా అందరి దగ్గరా ఆగాడు. చివరికి నా దగ్గరికి వచ్చేసరికి అతని చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. చుట్టూ తిరిగి నా కుడిపక్కకి వచ్చి నిలబడ్డాడు.

"కాఫీ పొయ్యమంటారా, సార్జెంటు గారూ?"

వెటకారమా అని మొహం చూశాను. కాదు. పొయ్యమన్నాను. అంచుదాకా పోసి సాసర్లోకి ఒలికించాడు. తాగాను. చల్లారిపోయిన కాఫీ.

కోపం పోయిందని రాస్తే అబద్ధం. ఆ గ్రిల్లు సంగతి బేస్‌కి వెళ్ళి నేనే చెప్పుకోవాలి, ఖాతా పోతే పోయింది. రేపటి నుంచి ఈ ఊళ్ళో అతనికి జుట్టు ఎవరు కత్తిరిస్తారో తెలియదు. నేను కత్తిరిస్తానేమో. కత్తిరించనేమో.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కు నేనే తోలాను. దారిలో ఇనెజ్ పేరు మూడుసార్లు ఎలా పిలిచారో అతనికి చెప్పాను. వాగు మీద వంతెన దాటాక అడిగాడు.

"మూడోసారి కూడా పలక్కపోతే, అప్పుడు మీరేం చేస్తారు?"

"ఏమీ చెయ్యం" అన్నాను. "అలాగే నిలబడి ఉంటాం."